శనివారం పొట్లం

ఆ శనివారం పొద్దున కూడా నాన్న సగం బ్రెడ్డు తిని మిగతాది పక్కకు నెట్టేశాడు. అమ్మ పోయి నెల దాటింది. అప్పటినుంచీ ఇదే వరస. మనిషి చిక్కి సగమయ్యాడు.

"మధ్యాహ్నానికి నీకిష్టమైన సిచువాన్ నూడుల్స్ తెప్పిస్తా. ఒక్క పోగు మిగిల్చినా ఊరుకోను," అంది కూతురు. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇంట్లోనూ నర్సే.

"నర్సమ్మ ఆర్డరు వేశాక తప్పుతుందా," అని నాన్న నవ్వబోయాడు.

శనివారం ఆ ఇంట్లో పొయ్యికి సెలవు. వీధి చివర, నాలుగు బల్లలున్న చైనా హోటల్‌కి అమ్మే వెళ్లి పొట్లం తెచ్చేది. ఫోన్ చేస్తే వాళ్లే పంపుతారు కదా అంటే, "నా కాళ్లకీ కాస్త పనుండనీ," అనేది. కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి నాన్న గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

ఇవాళ ఆమె సెలవు పెట్టి మరీ ఫోన్‌లో తెప్పించింది. నాన్న రెండు ముద్దలు తిన్నాడు, దగ్గాడు, చెంచా కింద పెట్టేశాడు.

"ఆకలి లేదమ్మా."

"అదే హోటలు, అదే వంట. అమ్మ తెస్తే గిన్నె ఖాళీ చేసేవాడివి. నేను తెప్పిస్తే గొంతు దిగదా?"

"అప్పుడు వేరేలా ఉండేది."

"అమ్మ లేదు నాన్నా. ఇంక రాదు. నువ్విలా అలిగి కూర్చుంటే నేనేం కాను?"

నాన్న మూతి తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయాడు. నోరు జారానని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా కోపం దిగలేదు. ఆ కోపంతోనే డబ్బా పట్టుకుని హోటల్‌కి నడిచింది.

ప్రతి శనివారం వచ్చే ఆవిడ కూతుర్నని చెప్పి, నాన్న తినలేదంటూ డబ్బా ముందు పెట్టింది. హోటలావిడ మూత తీసి చూసి నొచ్చుకుంది.

"అయ్యో, మీ ఇంటికని తెలీక మామూలుగానే పంపేశాం. మీ అమ్మగారు అరగంట ముందే వచ్చి వంటగది గుమ్మంలో నిలబడేవారు. కారం నూనె వద్దనేవారు, ఇంకాస్త మెత్తగా ఉడికించమనేవారు. ఆపైన సంచిలోంచి కత్తెర తీసి, నూడుల్స్ అన్నీ గోరంత ముక్కలు చేసేవారు. మూతి వంకరపోయిన జబ్బు తగ్గినా, నాన్నగారికి మింగడం కష్టమేనట కదా."

"మింగడం కష్టమని నాకు చెప్పలేదు."

"ఆయనే వద్దన్నారట. రోజంతా రోగులతోనే సరిపోతుంది, ఇంట్లో కూడా రోగి ఎందుకు దానికి, అన్నారట."

కూతురు అక్కడే బల్ల మీద కూలబడింది. వార్డులో ఎవరు దగ్గినా మింగుడు పడుతోందా అని గొంతు తడిమి చూసే మనిషి, ఇంట్లో దగ్గును అలక అనుకుంది. ఏడుపు ఆగలేదు. ఆవిడ కొత్త పొట్లం మెత్తగా ఉడికించి ఇచ్చింది.

ఇంటికొచ్చి, తలుపు వెనక ఇంకా వేలాడుతున్న అమ్మ చేతిసంచి తీసింది. కత్తెర అందులోనే ఉంది. దాన్ని కడిగి, గిన్నెలో నూడుల్స్ కత్తిరించసాగింది. ఆ చప్పుడుకు నాన్న గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కత్తెర వంక, కూతురి వంక చూశాడు.

"తప్పయిపోయింది నాన్నా," అంది తలెత్తకుండా.

నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గిన్నెలోకి తొంగి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకొంచెం చిన్నవిగా చెయ్యమ్మా," అన్నాడు.