బటన్ ఆపిన మైకు

"ఈ మూడింటిలో ఒకటి శత్రువులది," అంటూ చీఫ్ ఫొటోని బల్ల మీదికి జరిపాడు.

ఫొటోలో మూడు కాన్ఫరెన్స్ మైకులున్నాయి. సీలింగ్‌కి బిగించేది, బల్ల మధ్య పళ్ళెంలా కూర్చునేది, మెడ వంచి నోటి ముందుకు తెచ్చుకునే గూస్‌నెక్.

డిపార్ట్‌మెంటంతా అక్కయ్య అని పిలిచే ఆ ఏజెంట్ కళ్ళజోడు సరిచేసుకుంది.

"రాడార్ విడిభాగాల కంపెనీ. రేపు పదకొండింటికి రక్షణశాఖతో టెలికాన్ఫరెన్స్. నువ్వు మైకులు ఎంచే కన్సల్టెంట్‌వి. శత్రువుల మైకేదో, వాళ్ళ మనిషెవరో ఆలోపు తేలాలి."

"లోపల మనవాళ్ళు?"

"సేల్స్ మేడమ్. ఆ కంపెనీలో ఉంటూనే మనకి పనిచేస్తుంది. కోడ్ వర్డ్, 'ఏసీ చల్లగా లేదు.'"

మర్నాడు పొద్దున మీటింగ్ హాల్లో ఆ మాట అన్నావిడ ఎర్ర హైహీల్స్‌లో, ముత్యాల దుద్దుల్లో మెరిసిపోతోంది. "సౌండ్ చూసే ముసలాయన మీద కన్నేసి ఉంచండి," అని గుసగుసలాడింది.

ఆ ముసలాయన్ని అందరూ మైకుల బాబాయి అంటారు. అక్కయ్యని చూడగానే తన కుర్చీ ఇచ్చాడు.

"కూర్చో తల్లీ. నిలబడి ఏం ఎంచుతావ్? గదంతా వినాలంటే సీలింగ్‌ది. నలుగురు చుట్టూ కూర్చుంటే పళ్ళెం. ఎవరి మాట వాళ్ళదే వెళ్ళాలంటే గూస్‌నెక్. మూరెడు దూరం జరిగితే దానికి పట్టదు."

ఎడమవైపు నుంచి ఆమె రెండుసార్లు ప్రశ్న అడిగితే పలకలేదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు పెట్టెలో దాచిన స్కానర్ ఏ మైకులోనూ రేడియో సిగ్నల్ లేదని చూపించింది. పదీ నలభైకి చీఫ్ ఫోన్ చేశాడు. అక్కయ్య జాగ్రత్త గల మనిషి. రెండు మైకుల వైర్లు పీకేసింది, గూస్‌నెక్ బటన్ నొక్కి ఎర్ర లైటు ఆపింది, హాల్లో ఎవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి మరీ మాట్లాడింది.

"మైకులు క్లీన్. మనిషే తేడా. ముసలాయనకి ఎడమ చెవి పోయింది, దాచిపెట్టి నెట్టుకొస్తున్నాడు. అది పట్టుకుని బెదిరించి ఉంటారు. ఇలాంటివాడు కప్పు టీ పోసినా అమ్ముడుపోతాడు. పట్టుకెళ్ళండి."

పదీ యాభై అయిదుకి ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు వచ్చారు. వెనకే ఎమ్‌డీ, సేల్స్ మేడమ్ వచ్చారు. ఎవరూ పిలవకుండానే బాబాయి అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. అక్కయ్య వైపు చూడలేదు.

"గూస్‌నెక్ తీసేయండి సార్. దాన్లో రెండో మైకుంది."

"మీకెలా తెలుసు?"

"బటన్ ఆపి ఉండగా తలుపు దగ్గర మాట్లాడింది నా హెడ్‌ఫోన్స్‌లో వినపడింది. ఆపేశాం కదా అని మీరు మాట్లాడుకునేదంతా ఈ తీగలోంచే బయటికి పోతుంది."

"ఎవరు మాట్లాడారు? ఏమన్నారు?"

బాబాయి తల వంచుకున్నాడు. "అది వదిలేయండి సార్."

"ఒక చెవి పోయినాయన విన్నానంటే నమ్ముతారా?" అని సేల్స్ మేడమ్ నవ్వింది.

"ఒక చెవా?" అన్నాడు ఎమ్‌డీ.

అక్కయ్య ముఖం వేడెక్కింది. ఆ మాట చెప్పింది ఫోన్లో, చీఫ్‌కి మాత్రమే. ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ దుద్దు లాగింది. ముత్యం వెనక సన్నటి ఇయర్‌పీస్ మెరిసింది.

"బుకాయించకు," అని ఎమ్‌డీ వైపు తిరిగింది. "మాట్లాడింది నేను సార్."

"ఏమన్నారు?"

సాక్ష్యం కాబట్టి ఒక్క ముక్క దాచడానికి లేదు. చెవి సంగతి, కప్పు టీ సంగతి, అన్నీ అందరి ముందూ తిరిగి అప్పజెప్పింది. ఆయనిచ్చిన కుర్చీ వైపు చూడలేకపోయింది.

పదీ యాభై తొమ్మిదికి బాబాయే గూస్‌నెక్ వైరు పీకాడు. సెక్యూరిటీవాళ్ళు మేడమ్‌ని నడిపించుకెళ్ళారు.

"ఇంతకీ ఏ మైకు కొనమంటారు?" అని ఎమ్‌డీ అక్కయ్యని అడిగాడు.

"ఆయన్నడగండి. ఆయన్ని పంపించేస్తే మాత్రం ఏ మైకు కొన్నా దండగే."

ఎమ్‌డీ ముసలాయన వైపు తిరిగాడు. "చెప్పండి బాబాయ్."

"పళ్ళెం సార్."

మీటింగ్ మొదలైంది. వరండాలో అక్కయ్య బాబాయి ఎడమ పక్కకి చేరి, చాలా మెల్లిగా, "క్షమించండి బాబాయిగారూ," అంది.

"ఏంటమ్మా? అటువైపు వినపడదని నువ్వే చెప్పావుగా. కాస్త గట్టిగా అను."

ఇరవయ్యేళ్ళ సర్వీసులో అక్కయ్య గొంతు పెంచి చెప్పిన మొదటి మాట అదే. అంతస్తంతా వింది.