ఏడిస్తే మోగే పెట్టె

"భరత్ మీదకి శత్రువులు మనిషిని పంపరు, వస్తువుని పంపుతారు. అదేంటో తెలీదు," అన్నాడు చీఫ్ గంగాధరరావు. మచిలీపట్నం లాడ్జి గదిలో తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

భరత్ నేవీ రాడార్‌ సైంటిస్టు. కూతురు హాసినికి చెవులు కుట్టించడానికి అవనిగడ్డలో తల్లి మాణిక్యమ్మ ఇంటికి వచ్చాడు.

"సెక్యూరిటీ పెడితే?" అడిగాడు ఏజెంట్ దుర్గాప్రసాద్.

"తప్పుకుని ఇంకోచోట కొడతారు. నువ్వు చెవులు కుట్టే ఆచారివి. లోపల మన డబుల్ ఏజెంట్ రేవతి ఉంటుంది. ప్రమాదం లేకపోతే 'చిలకలపూడి నగలు తెచ్చారా' అని అడుగుతుంది."

దుర్గాప్రసాద్ బొప్పాయి తొక్క మీద సూది గుచ్చడం నేర్చుకున్నాడు. తుపాకీకి వణకని చెయ్యి అక్కడ వణికింది. నవ్వకండి, మీరైతే సూది పట్టుకునేవారు కూడా కాదు.

మర్నాడు ఆ ఇంటినిండా చుట్టాలు. వాళ్ళ మధ్య పట్టుచీర, నల్ల కళ్ళద్దాలతో రేవతి. భరత్ భార్యకి స్నేహితురాలినంటూ వచ్చింది. అందరి చూపులూ ఆమె మీదే. దుర్గాప్రసాద్‌వి కూడా, డ్యూటీ కొద్దీ అనుకుందాం.

"చిలకలపూడి నగలు తెచ్చారా ఆచారిగారూ?" అంది రేవతి.

హమ్మయ్య అనుకున్నాడు. ఉయ్యాల పక్కన సబ్బుపెట్టెంత తెల్లటి మెషిన్ సన్నగా వాన చప్పుడు చేస్తోంది.

"రేవతి సింగపూర్ నుంచి తెచ్చిందండి," అంది మాణిక్యమ్మ మురిసిపోతూ. "ఆ చప్పుడు వింటూ మా బంగారుతల్లి ఇట్టే పడుకుంటోంది."

రేవతి వంగి ఏదో బటన్ నొక్కింది. వాన ఆగిపోయింది. "ఆటోలో పెట్టాను ఆంటీ. ఇక పాప ఏడిస్తే అదే మోగుతుంది. నేను మాత్రం ఆ ఏడుపు చూడలేను బాబూ, కార్లో కూర్చుంటా."

హాసినిని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. దుర్గాప్రసాద్ సూది తీశాడు. ఎందుకో గుమ్మం వైపు చూశాడు. రేవతి ఖరీదైన చెప్పులు అక్కడే ఉన్నాయి. బయట కారు స్టార్టయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కడికి పరుగు? కోడ్ వర్డ్ అబద్ధం. మోగబోయేది వాన కాదు. భయమేసింది, నిజంగా భయమేసింది.

సూదిని చూసి హాసిని కింది పెదవి అప్పుడే ముందుకొచ్చింది.

"అమ్మగారూ, పాప నోట్లో పంచదార వెయ్యండి. ఏడవనివ్వకండి," అన్నాడు. ఆ గొంతు విని మాణిక్యమ్మ మారుమాట్లాడకుండా వేసింది. పాప చప్పరిస్తూ ఆలోచనలో పడింది.

బటన్ నొక్కి ఆపితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? మెషిన్ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. బాదం చెట్టు, పశువుల కొట్టం, ఆ వెనక కాలువ. ఇంట్లో పాప నోట్లో పంచదార కరిగిపోయింది. బలమంతా పెట్టి విసిరాడు.

కెవ్వుమన్న ఏడుపు పెరడు దాటేసరికి పెట్టె నీళ్ళకి జానెడు ఎత్తులో ఉంది.

కాలువ కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. కిటికీ అద్దాలు రాలాయి. మనుషులకేమీ కాలేదు.

ఊరి బయట కాపు కాసి, పేలుడు వినగానే వంతెన దగ్గర రేవతి కారు ఆపించిన చీఫ్ సెల్‌ఫోన్‌లో, "రేవతి దొరికింది, ఉత్తికాళ్ళతో," అన్నాడు.

తడిసిపోయి తిరిగొచ్చిన దుర్గాప్రసాద్‌ని చూసి మాణిక్యమ్మ కళ్ళొత్తుకుంది. మనవరాల్ని గుండెకి హత్తుకుంది. తర్వాత పీట ముందుకు జరిపింది.

"ముహూర్తం ఇంకా ఉందండీ. మీరెవరైతేనేం, కానివ్వండి."

దుర్గాప్రసాద్ ఆ చిన్న చెవులకేసి చూశాడు, సూది కేసి చూశాడు. ఇంకో బాంబు ఉందేమో వెతికొస్తానంటూ పెరట్లోకి నడిచాడు.