పాలసీలో లేని పేరు

పుంగ్గోల్ కార్ పార్కులో రివర్స్ చేస్తున్న కారొకటి లోహిత్ కారు తలుపుకి సొట్ట పెట్టింది. అందులోంచి దిగిన అమ్మాయి సారీ అయినా చెప్పలేదు.

"తిట్టండి," అంది.

లోహిత్‌కి అర్థం కాలేదు. "ఎందుకండీ?"

"తప్పు నాది. పైగా ఇది మా బాబాయి కారు, చెప్పకుండా తెచ్చాను. పాలసీలో బాబాయి, పిన్ని పేర్లే ఉన్నాయి. నేను నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదు."

ఆమె పేరు చాందిని. బయట వాన దంచి కొడుతోంది. లోహిత్ బుద్ధిమంతుడిలా ఫొటోలు తీసి, నంబర్ తీసుకుని ఇంటికెళ్లాడు.

మర్నాడు ఉదయమే ఇన్సూరెన్స్ ఏజెంట్ శ్యాంసుందర్ ఫోన్ చేశాడు. "బాబూ, పదకొండు ఫొటోలు పంపావు. అన్నింట్లోనూ ఆ అమ్మాయే ఉంది. సొట్టేదీ? ఆ కారు నంబరేదీ?"

లోహిత్ ఫొటోలన్నీ మళ్లీ తిప్పి చూశాడు. నిజమే.

"అవతలి డ్రైవర్‌కి కవర్ లేకపోయినా నీ పాలసీ నిన్ను ఆదుకుంటుంది. కాకపోతే సాయంత్రం ఐదులోగా వివరాలన్నీ రిపోర్ట్ చెయ్యాలి. ఆమె పేరేంటి?"

చెబితే చాందిని ఇంట్లో దొరికిపోతుంది, ఇక తన ముఖం చూడదు. అసలు చూస్తుందని ఎవరన్నారు? అదీ తెలియదు పాపం. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాడు.

నాలుగింటికి తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి రమ్మని చాందిని మెసేజ్ పెట్టింది. వెళ్లేసరికి టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే ముందే పట్టేసి, కూర్చుంది.

"రిపోర్ట్ చేశారా?"

"లేదు. మీరు ఇరుక్కుంటారని."

"నిన్ననే బాబాయికి చెప్పేశాను. రెండు గంటలు క్లాసు పీకారు. నాకోసం మీరు కవర్ పోగొట్టుకుంటే నేను ఎందుకు తిట్లు తిన్నట్టు? ఫోన్ తియ్యండి."

ఆమె పేరూ కారు నంబరూ చెప్తుంటే అతను టైప్ చేశాడు. ఐదుకి పది నిమిషాలుండగా రిపోర్ట్ వెళ్లింది.

"ఇంకోటి," అంది చాందిని. "బాబాయి ఇక కారివ్వరట. మీ పాలసీలో నా పేరు రాయిస్తారా?"

సొట్ట పెట్టిన మనిషి పేరు తన పాలసీలోనా? బుర్ర తిరిగిపోయినా లోహిత్ ఏజెంట్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"రాయొచ్చు బాబూ. ఆ అమ్మాయి నీకేమవుతుందో కూడా రాయాలి. ఏమని రాయను?"

చాందిని ఫోన్ దగ్గరికి వంగింది. "అంకుల్, ఆదివారం దాకా అది ఖాళీగా ఉంచండి. సొట్ట చూడ్డానికి బాబాయీ పిన్నీ వీళ్లింటికి వస్తామన్నారు."

"చూడ్డం దేనికండీ? రేపే బాగు చేయించేస్తాను," అన్నాడు లోహిత్.

"ఆదివారం దాకా చేయించకండి," అంది తల దించుకుని, నవ్వు ఆపుకుంటూ.

వాళ్లు చూడ్డానికొచ్చేది సొట్టని కాదని అప్పటికి అర్థమైంది లోహిత్‌కి.