తోక ఊపే ట్రైలర్

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే నాన్న, అన్నయ్య, వదిన, నాయనమ్మ, గువ్వ. పిన్నికి ఒంట్లో బాగాలేదని అమ్మ చూడటానికి వెళ్ళింది. అమ్మే ఉండుంటే గువ్వ మొహం చూసి పొద్దున్నే సంగతి పట్టేసేది. బండ్ల షోరూం అబ్బాయి ఆ ఇంటి మనిషి కాదు. కానీ అతను వస్తున్న వరస చూస్తే అతన్నీ లెక్కలో వేసుకోవచ్చు అంటుంది వదిన.

గువ్వ అన్నది నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. కొత్త మనిషి కనిపిస్తే చాలు, తుర్రుమని లోపలికి పోతుందని అలా పిలిచింది. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయినా ఆ పేరు పోలేదు, ఆ బిడియమూ పోలేదు.

ఇంటి ముందే వాళ్ళ రాళ్ళ యార్డు. పెద్ద పెద్ద గ్రానైట్ పలకలు తెప్పించి, కోసి, అంచులు నునుపు చేసి వంటింటి గట్లకీ మెట్లకీ పంపిస్తారు. కొలత తీసుకుని సుద్దతో గీతలు గీసే పని గువ్వది. మనుషులతో మాట్లాడలేదు గానీ రాళ్ళతో ఎంతసేపైనా గడిపేస్తుంది.

ఇన్నేళ్ళూ ఆ రాళ్ళని మోసిన పాత లారీ వేసవిలో చేతులెత్తేసింది. "మళ్ళీ లారీ వద్దు నాన్నా. పికప్ బండి కొని వెనక ట్రైలర్ తగిలిద్దాం. రాళ్ళు లేనప్పుడు ట్రైలర్ విప్పేస్తే సందుల్లోకి కూడా దూరిపోతుంది" అన్నాడు అన్నయ్య. ట్రైలర్ వెంటనే వచ్చేసింది. పికప్ దగ్గరే పడింది చిక్కంతా.

షోరూం అబ్బాయి మొదటిసారి బండి తెచ్చిన రోజున గువ్వ యార్డు నేల మీద ఒక మేడ మెట్లు అసలు కొలతల్లో గీస్తోంది. పొద్దుటి నుంచి వంగుని గీసిన గీతలు. అతను గేట్లోంచి దర్జాగా వచ్చి ఆ గీతల మీదే బండి ఆపాడు.

"ఆగండి!" అని అరిచింది గువ్వ. తన గొంతు అంత పెద్దదని తనకే తెలీదు. "మెట్లన్నీ తొక్కేశారు!"

అతను గాభరాగా దిగి చుట్టూ చూశాడు. "ఏ మెట్లండీ?"

"మీ టైరు కింద ఉన్నాయి."

అతను వంగి టైరు కిందకి చూశాడు. సుద్ద గీతలు కనిపించాయి. నవ్వు ఆపుకుంటూ, "అయ్యో, ఏ అంతస్తు దాకా ఎక్కేశానో!" అన్నాడు.

గువ్వ తుర్రుమని లోపలికి పోయింది. తలుపు చాటు నుంచి చూస్తే అతను షూస్ విప్పి గీతల్ని దాటుకుంటూ నాన్న దగ్గరికి నడుస్తున్నాడు. అప్పుడు మొదలైంది గువ్వకి ఈ కాలు నిలవకపోవడం.

ఆ మొదటి బండి ఎర్రగా మెరిసిపోయింది. ఖాళీగా పరుగులు పెట్టింది. ట్రైలర్ తగిలించి ఇంటి ముందున్న ఎత్తు ఎక్కమంటే మూలిగి సగంలో ఆగిపోయింది.

"సార్, మోసే బలం వేరు, లాగే బలం వేరు" అన్నాడు షోరూం అబ్బాయి. "తొట్టిలో ఎంత వేయొచ్చో, వెనక తగిలించి ఎంత లాగొచ్చో రెండూ చూసుకోవాలి. మీకున్న బరువుకి, ఈ ఎత్తుకి పెద్ద డీజిల్ ఇంజను కావాలి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను సార్. మీరు ఎరుపు బాగుందన్నారు."

నాయనమ్మ పకపకా నవ్వింది.

రెండోసారి డీజిల్ బండి తెచ్చాడు. అది ఎత్తు అవలీలగా ఎక్కేసింది. కానీ దిగేటప్పుడు వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగింది. "ఇదేంటయ్యా, కుక్కలా తోక ఊపుతోంది?" అన్నాడు నాన్న. తర్వాత ఇంకా పొడుగ్గా, బరువుగా ఉన్న బండి వచ్చింది. దాని వెనకా ట్రైలర్ అలాగే ఊగింది.

అసలు కారణం గువ్వకి రెండో బండి రోజే తెలిసిపోయింది.

వాళ్ళు పలకల్ని ఇనప స్టాండుకి ఆనించి నిలబెట్టి, ఆ స్టాండుని గొలుసు కప్పీతో పైకెత్తుతారు. కప్పీ వేలాడే దూలం వంటింటి గోడ పక్కనే ఆగిపోతుంది. బండిని ఎంత వెనక్కి తెచ్చినా గోడ అడ్డం. అందుకని స్టాండు ఎప్పుడూ బండి చివరే దిగుతుంది. పాత లారీకి అదే అలవాటు. దాని మీద ఎక్కడ పెట్టినా చెల్లింది. ట్రైలర్‌కి చక్రాలు మధ్యలో ఉంటాయి. చివర బరువు పెడితే ముందు భాగం పైకి లేస్తుంది, హుక్ మీద పట్టు తగ్గుతుంది, తోక ఆడుతుంది. అనుమానం తీరక గువ్వ యార్డులోని రెండు చక్రాల తోపుడు బండి మీద కూడా రాళ్ళు పేర్చి చూసుకుంది. రాళ్ళు వెనక పెట్టి లాగితే చేతిలో గింజుకుంది. ముందుకి జరిపితే బుద్ధిగా వెంట వచ్చింది.

వెంటనే నాన్నకి చెప్పేయాలి. చెప్పలేదు. చెబితే నాన్న బండి కొనేస్తాడు. కొనేస్తే షోరూం అబ్బాయి మళ్ళీ రాడు.

ఇక ఆమెకి నిద్రా సరిగా లేదు, తిండీ సరిగా లేదు. ఒకే పలకని మళ్ళీ మళ్ళీ కొలిచేది. గేటు చప్పుడైతే లేచేది, కూర్చునేది. "ఏమ్మా ఆడపడుచూ, గేటుకేమన్నా గ్రీజు పెట్టించమంటావా? చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నావు" అనేది వదిన.

అమ్మ ఇంట్లో లేని ఆ రోజు పొద్దున టీ తాగుతూ నాన్న తేల్చేశాడు. "ఎల్లుండి నిండు లోడు పంపాలి. ఇవాళ తెచ్చే బండి కూడా తోక ఊపిందంటే ఆ షోరూంకి దణ్ణం పెట్టి ఇంకో చోట చూసుకుందాం."

గువ్వ తాగుతున్న టీ కింద పెట్టేసింది. బండి బాగుంటే అతను రాడు. బాగుండకపోయినా రాడు. ఎల్లుండి అన్నయ్య ఆ నిండు లోడుతోనే ఎత్తు దిగాలి. చెప్పేయాలి, ఇవాళ ఎలాగైనా చెప్పేయాలి అనుకుంటూ వంటింట్లోంచి యార్డులోకి, యార్డులోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉంది. ఆకాశం కూడా ఆమెలాగే ఉంది. కురవదు, తెరిపివ్వదు.

షోరూం అబ్బాయి బూడిద రంగు బండి తెచ్చాడు. ఈసారి సుద్ద గీతలకి బారెడు దూరంలో ఆపాడు.

"నమస్తే సార్. మా దగ్గర లాగడానికి ఇంతకి మించిన బండి లేదు."

"చూద్దాం. దీని తోక ఎంత పొడుగో" అన్నాడు నాన్న.

సగం లోడు ఎక్కించారు. అన్నయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు. షోరూం అబ్బాయి పక్కన కూర్చున్నాడు. గువ్వ నోరు తెరిచింది. ఇంతలో నాన్న "కానీండి, కానీండి" అన్నాడు. ఆ నోరు మళ్ళీ మూసుకుపోయింది. బండి కదిలింది.

ఎక్కడం అయిపోయింది. పైన మలుపు తిరిగి దిగడం మొదలుపెట్టే సరికి చినుకులు పడ్డాయి. రోడ్డు నల్లబడింది. సగం దిగాక ట్రైలర్ ఒక్కసారి ఎడమకి ఊగింది, తర్వాత కుడికి, తర్వాత ఇంకా ఎక్కువగా ఎడమకి. దాని మూల దీపస్తంభాన్ని రాసుకుంటూ పోయింది. గువ్వ ప్రహరీ గోడని రెండు చేతులా పట్టుకుంది.

బండి మెల్లగా, మెల్లగా నెమ్మదించి నిటారుగా నిలబడింది.

అన్నయ్య దిగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "బ్రేకు తొక్కబోయాను నాన్నా. 'తొక్కకండి, యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిప్పకండి' అని ఇతను అరవకపోతే ఈపాటికి గోడలో ఉండేవాళ్ళం."

నాన్న మొహం గంటు పెట్టుకుని, "చాలు బాబూ. బండి తీసుకుని బయల్దేరు" అన్నాడు.

"సార్, ఒక్క మాట..." అన్నాడు షోరూం అబ్బాయి.

"బండి తప్పు కాదు నాన్నా" అంది గువ్వ, సరిగ్గా అదే క్షణంలో.

అందరూ ఆమె వైపు తిరిగారు. బయటి మనిషి ముందు గువ్వ గొంతు వినపడటం ఆ ఇంట్లో వింతే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా లోపలికి పోలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, చూరు కింద పొడిగా ఉన్న చోట కూర్చుని ట్రైలర్ బొమ్మ గీసింది. చక్రాలు ఇక్కడ, మన స్టాండు ఇక్కడ, హుక్ ఇక్కడ అని చూపించింది. "లారీకి పెట్టినట్టే దీనికీ పెడుతున్నాం. స్టాండుని చక్రాలకి ముందుకి జరపాలి. దించాక కింద పైపులు పెట్టి దొర్లిస్తే జరుగుతుంది."

నాన్న బొమ్మ వంక చూశాడు, కప్పీ వంక చూశాడు, వంటింటి గోడ వంక చూశాడు. "ఒరేయ్, పైపులు ఎక్కడున్నాయి?" అంటూ అన్నయ్యని వెంటేసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

పలకల మధ్య ఇద్దరే మిగిలారు.

"మీరు ఆశ్చర్యపోలేదేం?" అంది గువ్వ, తలెత్తకుండానే.

"దేనికండీ?"

"నేను చెప్పినదానికి. మీకు ముందే తెలుసు."

అతను బుర్ర గోక్కున్నాడు. "తెలుసు. రెండో బండప్పటి నుంచి."

గువ్వ ఒక్క ఉదుటున లేచింది. "తెలిసీ ఊరుకున్నారా? మా అన్నయ్యకి ఏమన్నా అయ్యుంటే?"

"అందుకే ప్రతిసారీ పక్కన కూర్చున్నాను. సగం లోడు దాటనివ్వలేదు. ఇవాళ వాన పడుతుందని ఊహించలేదు. తప్పే. తిట్టండి, పడతాను. ఇందాక చెప్పేద్దామనే నోరు తెరిచాను."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ నాన్నగారు ఆ రోజే బండి కొనేసేవారు."

"అమ్ముడుపోతే మీకు మంచిదేగా?"

"అమ్ముడుపోయాక ఈ గేట్లోకి ఏం చెప్పుకుని రానండీ?"

చినుకు ఒకటి గువ్వ ముక్కు మీద పడింది. తుడుచుకోలేదు. చేతిలో సుద్ద ముక్క రెండు ముక్కలైంది.

"ఇంతకీ మీకెప్పుడు తెలిసింది?" అన్నాడతను.

అబద్ధం చెబుదామనుకుంది. నోటికి రాలేదు. "రెండో బండప్పుడే."

అతను కళ్ళు పెద్దవి చేశాడు. "మరి నన్నొక్కణ్ణే తిట్టారే!"

"నన్ను నేను రోజూ తిట్టుకుంటున్నాను. మీకు ఇవాళే మొదలు."

వంటింటి కిటికీలోంచి వదిన గొంతు వినిపించింది. "ఏమ్మా, కొలతలు కుదిరాయా? ఇంకా ఆలస్యమా?"

అతను నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "బండి అమ్ముడుపోయాక కూడా రావచ్చా?"

గువ్వ జవాబు చెప్పేలోపే పైపులు మోసుకుంటూ అన్నయ్య వచ్చేశాడు.

స్టాండుని దొర్లించి చక్రాలకి ముందుకి జరిపారు, గొలుసులతో బిగించారు. షోరూం అబ్బాయి ఒక్కడే బండి తీసుకెళ్ళాడు. నాన్న గొడుగు వేసుకుని ఎత్తు కింద నిలబడ్డాడు. తడి రోడ్డు మీద బండి దిగింది. వెనక ట్రైలర్ గీత గీసినట్టు వచ్చింది. అనుమానం తీరక నాన్న మళ్ళీ ఎక్కించి దింపించాడు. మళ్ళీ అంతే.

"ఇదే తీసుకుంటున్నాం" అన్నాడు నాన్న గొడుగు మూస్తూ. "నీకూ తిరిగే శ్రమ తప్పింది బాబూ."

షోరూం అబ్బాయి తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వెళ్ళడు. "సార్, బండి ఇచ్చేశాక కూడా నేను వస్తానండి."

"బండి బాగుంటే మళ్ళీ నీకిక్కడేం పని?"

అతను గువ్వ వైపు చూశాడు. అన్నయ్య అతన్ని చూశాడు. వదిన కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. గువ్వ కాళ్ళు లోపలికి పరిగెత్తమంటున్నాయి. ఇప్పుడు పరిగెత్తితే అతనికి జవాబు అందదు.

"నేనే రమ్మన్నాను నాన్నా" అంది.

నాన్న ట్రైలర్ దగ్గరికి వెళ్ళి హుక్‌ని కదిపి చూశాడు. బిగువుగానే ఉంది. అయినా ఇంకోసారి కదిపాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నాడు హుక్ వంకే చూస్తూ.

"టైలరండి."

"ఊఁ. కొలతలు తెలిసిన ఇల్లే అన్నమాట."

"ఒరేయ్, పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఇవాళే నీతో గట్టిగా రెండు మాటలు చెప్పింది" అంది నాయనమ్మ అరుగు మీంచి. "మొదటి మాట విన్నావుగా? రెండోదీ విను."

నాన్న చేతులు దులుపుకున్నాడు. "ఎత్తు మీద చూశాం. మలుపుల మీద చూడలేదు. వంతెన దాకా వెళ్ళి వెనక్కి రండి. నడిపేది అతను. ట్రైలర్ ఎలా వస్తోందో చూసేది..." అని ఆగి, గువ్వ వైపు తిరిగాడు. "ఎక్కు."

బండి మెట్టు ఎత్తుగా ఉంది. గువ్వ ఎక్కింది. సీట్లో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంది. అవతల నుంచి అతను ఎక్కాడు. ఇద్దరూ ముందు అద్దం వంకే చూస్తున్నారు.

నాన్న వచ్చి, బయటికి వేలాడుతున్న బెల్టు కొసని లోపలికి తోసి, "మెల్లిగా" అని, ఆమె వైపు తలుపు వేశాడు.