చెంప మీద గాటున్న రాజు

1974 మార్చి 11, సోమవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

కుండల్‌వాడిలో నందకిషోర్ సేటు గాజు బీరువాలోంచి రోము బంగారు నాణెం మాయమైంది.

పదీ నలభైకి దొరికింది. ఆ ఇంట్లో ఊడ్చి, అంట్లు తోమే సంగవ్వ కొంగు ముడిలో.

దొంగతనం, దొంగ, సొమ్ము. మూడూ ఇరవై నిమిషాల్లో తేలిన కేసు. పాముపుట్టలో చెయ్యి పెడితే తేనె తగిలినట్టుంది పోలీసు ఫౌజ్దార్ అంబాదాస్‌కు. ఆయనకు అనుమానం వచ్చిందీ అక్కడే.

నందకిషోర్ సేటుకు దూది మిల్లు ఉంది. కిందటేడు టూరు వాళ్లతో యూరప్ వెళ్లొచ్చాడు. తిరిగింది ఇరవై ఒక్క రోజులు, చెప్పింది తొమ్మిది నెలలు. ఆయన ఎక్కిన విమానం మొదట్లో ఒక మబ్బును దాటింది. దీపావళి నాటికి పదకొండు దాటింది.

అంబాదాస్ నాణేన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ఆకుల కిరీటం పెట్టుకున్న రాజు తల. తల పైన పక్కపక్కనే రెండు బెజ్జాలు. చెంప మీద ఉలితో కొట్టినట్టు ఒక గాటు.

"ఎక్కడ కొన్నరు సేట్‌జీ?"

"రోముల. జూన్ పద్నాలుగు. ఫౌంటెన్ పక్కన దుకాణం."

"రసీదు?"

"చిన్న దుకాణం సాబ్. రసీదు ఏడిది?"

"ఈ బొక్కలు?"

"అట్లనే ఇచ్చిండు. పాతది గదా."

సంగవ్వ వసారాలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవడం లేదు.

"ఎందుకు తీసినవ్?"

"నాది నేను తీసుకున్న సాబ్. నా పెండ్లిల మా అవ్వ పుస్తెలతాడుకు గుచ్చింది. ఒక్క బొక్కైతే బిళ్ల తిరుగుతది, రాజు మొగం పక్కకు పోతది. రెండైతే సక్కగ ఉంటది."

"మరి సేటు చేతికి ఎట్ల పోయింది?"

"పోయిన వానకాలం నా పెనిమిటి కాశీరాం సచ్చిపోయిండు. పదోనాడు తాడు తెంపిండ్రు. బిళ్ల చేతుల పట్టుకొని కూసున్న. నీ గుడిసెల ఆగదు, నా తిజోరిల పెడ్త అన్నడు సేటు. మల్ల అడిగితె ఇత్తడిదే, పారేసిన అన్నడు. ఇయ్యాల బీరువా తుడుస్తుంటె కనవడ్డది. గాటు చూసి గుర్తువట్టిన."

"సాక్షి ఉన్నరా?"

"మా అవ్వ లేదు, కాశీరాం లేడు. ఉన్నోళ్లంత సేటు మిల్లుల పని చేసెటోళ్లే."

కానిస్టేబుల్ ఎంకన్న కాగితాలు తీశాడు. "సాబ్, అరెస్టు రాయనా? బిలోలి జైలుకు తీస్కపోను నాలుగింటికి బస్సుంది."

"ఆగు. బస్సు వచ్చేలోపల రోముకు పోయొద్దాం."

మధ్యాహ్నం రెండు గంటలు. సేటు ఇంటి కిటికీలకు గొంగళ్లు కట్టారు. ప్రొజెక్టర్ గోడ మీద వెలుగు పోసింది. యూరప్ ప్రయాణం స్లైడు బొమ్మలు చూస్తానని ఫౌజ్దార్ తనే అడిగేసరికి సేటుకు కేసు సంగతే గుర్తు లేదు.

మొదటి బొమ్మ. గేటు ముందు పూలదండలతో సేటు.

"ఇది బయలెల్లేటప్పుడు. జూన్ రెండు. ఎదురు మంచిగుండాలని నిండు బిందెతోని ముత్తైదువను రమ్మన్న. ఇగ అసలుది చూడుండ్రి."

టక్. కూలిపోయిన పెద్ద గుండ్రటి కట్టడం. "లచ్చ మంది కూసునే అఖాడా. పులులు ఒకదిక్కు, మనుషులు ఒకదిక్కు."

టక్. ఫ్రాన్సులో మూడంతస్తుల కమానులు. "రోమోళ్లదే. మీదికెళ్లి కాలువ పారేది."

టక్. ఇంగ్లండులో స్నానాల గుండం. "ఇదీ వాళ్లదే. ఇయ్యాలటికీ నీళ్లు వేడే. నేను కోడిగుడ్డు ఉడకబెట్టుకున్న."

టక్. ఫౌంటెన్. "దీనికి ఈపు చేసి భుజం మీదికెళ్లి పైస ఇసిరితే మళ్ల రోముకు వస్తరంట. నేనూ ఇసిరిన."

"మళ్ల పోయిండ్రా?"

"ఇంకా లేదు."

టక్. చర్చి మెట్ల మీద పెళ్లి జంట. "నాలుగో వేలికి పెండ్లి ఉంగరం పెట్టుడు గూడ రోమోళ్ల ఆచారమే. అప్పుడు ఇనుపదట. రాజ్యం పోయింది గని ఉంగరం పోలె."

"పెండ్లి గుర్తు ఎవ్వరూ ఇడువరు సేట్‌జీ."

సేటు ఆ మాట వినిపించుకోలేదు. నలభై ఏడు బొమ్మలు అయిపోయాయి.

"మొదటిది మళ్ల ఎయ్యుండ్రి" అన్నాడు అంబాదాస్.

"అండ్ల ఏమున్నది సాబ్? మా గేటే గదా."

"గేటే చూస్త."

టక్. దండలు, సేటు, గేటు. అంబాదాస్ లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. బొమ్మ కుడి అంచున, సగం తెగిపోయినట్టు, ఒక ఆడమనిషి. నెత్తిన బిందె. రెండు చేతులూ పైకెత్తి పట్టుకోవడంతో కొంగు పక్కకు తొలగింది.

"వదినమ్మా, ఆ దినం బిందె పట్టుకొని ఎవరొచ్చిండ్రు?"

సేటు భార్య వత్సల చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడింది. భర్త వైపు ఒకసారి చూసింది.

"మా సంగవ్వనే. అప్పటికి కాశీరాం బతికే ఉండె."

బొమ్మలో ఆమె మెడలో నల్లపూసల నడుమ బిళ్ల. గోడ మీద రూపాయంత పెద్దగా కనిపిస్తోంది. అంబాదాస్ జేబులోంచి నాణెం తీసి దాని పక్కన పెట్టాడు. ఇక్కడా రెండు బెజ్జాలు, అక్కడా రెండు. ఇక్కడ చెంప మీద గాటు. అక్కడా అదే చెంప, అదే గాటు.

"రోముల జూన్ పద్నాలుగున మీరు కొన్న రాజు, జూన్ రెండునాడే కుండల్‌వాడిల నీళ్లు మోస్తున్నడు సేట్‌జీ."

బొమ్మ మార్చబోయిన సేటు చేతిని అంబాదాస్ ఆపాడు.

"ఇన్ని నెలల సంది ఈ బొమ్మ ఊరందరికీ చూపిండ్రు. అంచుకున్న మనిషిని మీరూ చూడలే, ఊరూ చూడలే. మీరేమో రోముకు పోయిండ్రు. రోమోళ్లు ఎన్నడో మన మిరియాలకు, బట్టలకు బంగారం ఇచ్చుకుంట ఇటే వచ్చిండ్రు. ఆ బంగారం ఈమె ఇంట్ల ఆగింది."

సేటు కుర్చీలో కూలబడ్డాడు. "ఏం తెచ్చినవని ఊరంత అడిగింది సాబ్. ప్లాస్టర్ బొమ్మ చూపెడితే నవ్విండ్రు."

సంగవ్వ ఎప్పుడు వచ్చిందో, వత్సల వెనక నిలబడి ఉంది. నాణెం వంక చూడలేదు. గోడ మీద తనను చూసుకుంటోంది.

"ఎదురు మంచిగనే అయింది సేటుకు" అంది. "నాకే ఎవ్వరూ ఎదురు రాలే."

సాయంత్రం ఐదూ పదికి ఆమెను ఇంటికి పంపారు. కేసు సేటు మీదికి తిరిగింది. నాణెం, ఆ మొదటి బొమ్మ ఒకే సంచిలో, లక్క ముద్రతో, కేసు సొత్తు కింద ముద్దెమాలుగా నాందేడ్ కోర్టుకు వెళ్లాయి. మూడు నెలలకు అంబాదాస్‌కు భోకర్ బదిలీ వచ్చింది.

1977లో సాక్ష్యానికి నాందేడ్ వెళ్లాడాయన. సేటు వకీలు మళ్లీ వాయిదా అడిగాడు. దొరికింది. కోర్టు మెట్ల మీద సంగవ్వ.

"సాబ్, నా బిళ్ల ఎప్పుడిస్తరు?"

"పాతకాలం సొమ్మంట. సర్కారుదా, నీదా తేలాలంటున్నరు."

"నా బొమ్మనన్న ఇయ్యుండ్రి. అండ్ల తాడున్నది."

"అది గూడ కేసుకు సాక్ష్యమే సంగవ్వా."

ఆమె బోసి మెడను ఒకసారి తడుముకొని కుండల్‌వాడి బస్సు కోసం లేచింది.

సేటు బొమ్మల ఆట ఇప్పటికీ నడుస్తోందని ఎంకన్న చెప్పాడు. రెండో బొమ్మతో మొదలవుతుందట. మొదటిది ఏమైందని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. ఉన్నప్పుడు ఎవరు చూశారు గనక.