తొమ్మిదో నంబరు కుర్చీ

ప్రోగ్రామర్ శవం లిఫ్టులో దొరికింది. ఉదయం ఎనిమిది నలభైకి నాలుగో అంతస్తులో ఎక్కిన మనిషి, గ్రౌండ్ ఫ్లోర్లో తలుపులు తెరుచుకునేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. లిఫ్టు మధ్యలో ఒక్కసారే ఆగింది, రెండో అంతస్తులో, ఏడు సెకన్లు. పర్సు పోలేదు, వాచీ పోలేదు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ఫారం ఒకటి ఉంది.

పదిన్నరకల్లా ఆ ఫారం పెద్దాయన బల్ల మీద ఉంది. పెద్దాయనంటే గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. ఎదురుగా కూర్చున్న ఏజెంటును అక్కడ అందరూ గుమాస్తా అంటారు. నలభై ఆరేళ్లు, పలచబడ్డ జుట్టు, చెవిలో వినికిడి మిషను. పదిసార్లు చూసినా గుర్తుండని ముఖం. ఇరవై ఏళ్లుగా ఆ ముఖమే అతని ప్రాణం కాపాడుతోంది.

"చదువు," అన్నాడు పెద్దాయన.

'రియల్ టైమ్ స్ట్రాటజీ గేమ్స్‌లో మీకు నచ్చేవేమిటి? నచ్చనివేమిటి?' కింద రెండు గడులు. నచ్చేవి ఖాళీ. నచ్చనివాటిలో వంకర అక్షరాలతో ఒకే ముక్క: 'ఆడేవాడికి తను ఏం ఆడుతున్నాడో తెలియదు.'

గుమాస్తాకు ఆ ఫారం కొత్త కాదు. విదేశీ గేమ్ కంపెనీ ఒకటి ఊళ్లో అభిప్రాయ శిబిరం పెడుతోందని, దాని వెనక ఒక ముఠా ఉందని కబురు రాగానే పెద్దాయన అతని చేత అలాంటిదే ఒకటి నింపించాడు. కబురు పంపింది సీతాకోక. ముఠాలో ఉంటూ రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కు సమాచారం అందిస్తున్న మనిషి. నాలుగు వందల మంది ఫారాలు పంపితే పన్నెండు మందిని ఎంపిక చేశారు. అందులో గుమాస్తా ఉన్నాడు. ఆరు నెలలుగా మేనకోడలు నేర్పుతున్న కోటల, సైన్యాల ఆట ఇలా అక్కరకొచ్చినందుకు లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా.

"చచ్చిపోయినవాడు హార్బర్‌కు టగ్ బోట్ల ప్రోగ్రామ్ రాశాడు," అన్నాడు పెద్దాయన.

"తెలుసు సార్. పెద్ద ఓడల్ని లోపలికి లాగే పడవలు. ఇప్పుడు వాటిలో మనుషుల్లేరు, ఆఫీసులోంచే నడుపుతున్నారు. మా బావ రోజూ వాటిని తిడుతూనే ఉంటాడు. కొత్తల్లుళ్లలా ఉన్నాయంటాడు. గబగబా నాలుగు మాటలు చెబితే అలిగి ఇంజిన్ ఆపేస్తాయట."

"సాయంత్రం నాలుగింటికి గ్యాస్ ఓడ వస్తోంది. దాన్ని లోపలికి తెచ్చే పైలట్ మీ బావే."

గుమాస్తా వినికిడి మిషను సర్దుకున్నాడు. భయమేసినప్పుడు అతను చేసే పని అదొక్కటే. "ఓడను ఆపించండి సార్."

"అడిగాను. గేమ్ ఫారం చూపించి గ్యాస్ ఓడను ఆపమంటారేంటని హార్బర్ మాస్టర్ నవ్వాడు. బయట సముద్రం బాగాలేదట, ఓడ రెండు రోజులుగా అక్కడే నిలబడి ఉందట, ఇక ఆపరట. చూడవయ్యా, చచ్చినవాడు రాసినదాని అర్థం ఇదే. పన్నెండు మందిలో పదకొండు మంది ఆడేది ఆట. ఒకడి చేతిలో మాత్రం నిజం టగ్‌లు ఉంటాయి. వాడెవడో కనిపెట్టు. దొంగలా లోపలికొచ్చిన ప్రోగ్రామ్‌ను హార్బర్ కంప్యూటర్ పసిగట్టేస్తుంది. మనిషి చేతులైతే పట్టుకోలేదు. అందుకే వాళ్లకు ఆటగాడు కావలసి వచ్చాడు."

"సీతాకోకకు తెలియదా?"

"తెలియదంటోంది."

*

శిబిరం ఒక ఆఫీసు భవనం ఆరో అంతస్తులో ఉంది. కిటికీలకు నల్లకాగితం అంటించారు. గోడ గడియారం ఉండాల్సిన చోట మేకు మాత్రమే ఉంది. గుమ్మం దగ్గర ఇద్దరు కండల మనుషులు ఫోన్లు, వాచీలు తీసుకున్నారు. వినికిడి మిషను వంక చూసి వదిలేశారు. దానిలోనే పెద్దాయన ఉన్నాడు.

ఆట మొదలయ్యే ముందు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి కాఫీలిచ్చారు. మనసులో ఉన్నది మొహమాటం లేకుండా చెప్పమన్నారు. చెప్పమంటే చాలు, గేమ్ ఆడేవాళ్లకు ఆగడం రాదు.

"ఏమీ లేనిచోట కోట కట్టడం నాకిష్టం," అన్నాడు మందుల షాపు ఆయన. "ఒక గుడిసె, ఇద్దరు కూలీలు. అరగంటలో అది నగరం అవుతుంది. బయట ఏ పనైనా అంత తొందరగా అవుతుందా?"

"ఆ అరగంట ఎవడిస్తాడండీ?" అన్నాడు బస్సు డ్రైవరు. "మీరు పునాది తీస్తుండగానే అవతలివాడు పది మందిని పంపి కూలీల్ని నరికేస్తాడు. నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుంది. నాకు ఒళ్లు మండేది అదే."

"నాకు మండేది వంతెన దగ్గర," అన్నాడు రిటైరైన డ్రిల్ మాస్టారు. "వంద మందిని అటు పొమ్మంటే ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ అక్కడే ఇరుక్కుంటారు. నా దగ్గర చదివిన పిల్లలే నయం."

కోర్టులో స్టెనోగా చేసే ఆవిడ నవ్వింది. ముప్పై ఏళ్లుంటాయి. మాట్లాడుతున్నా ఆమె వేళ్లు మాత్రం కప్పు అంచు మీద టకటకలాడుతూనే ఉన్నాయి. "నాకైతే మూడు చోట్ల ఒకేసారి యుద్ధం జరగాలి. ఇక్కడ తగలబడుతుంటే అక్కడ కట్టాలి, ఇంకోచోట దొంగదెబ్బ తీయాలి. ఊపిరాడకూడదు. అదే మజా."

"మీరేమంటారు సార్?" అని గుమాస్తాను అడిగారు.

అతను ఫారంలో రాసిన మాటే చెప్పాడు. దొంగ వేషంలోనూ అది నిజమే. "నాకు పైనుంచి అంతా చూస్తూ, నిదానంగా ఆలోచించి, ఒక్క మాట చెప్పడం ఇష్టమండీ. కానీ ఈ ఆటల్లో బుర్రకన్నా వేళ్లకే విలువ ఎక్కువ. నిమిషానికి మూడు వందల సార్లు నొక్కినవాడిదే గెలుపు. అది నాకు నచ్చదు."

అప్పుడే ఒక స్త్రీ లోపలికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, మెడలో పొగ రంగు పట్టు స్కార్ఫ్. ఆమె అడుగు పెట్టాక గదిలో కాఫీ వాసన పోయి అత్తరు వాసన మిగిలింది. ఒక్కొక్కరినీ కుర్చీల దగ్గరికి పంపుతూ గుమాస్తా ముందు ఆగింది.

"మీ నడుముకు ఈ కుర్చీ పడుతుందా?"

"నా నడుముకు ఏ కుర్చీ పడదండీ. నేలే నయం."

కోడ్ సరిపోయింది. సీతాకోక చిన్నగా తల ఊపింది. "తొమ్మిదో నంబరులో కూర్చోండి. అక్కణ్ణించి అన్ని తెరలూ కనబడతాయి," అని గొణిగి ముందుకు సాగింది.

*

తెర మీద కోట, నది, పొగమంచు. నాలుగు ఏనుగులు ఇళ్లంత ఎత్తున్న రథాన్ని తాళ్లతో లాగుతున్నాయి. ఢంకా ఆగేలోగా రథాన్ని ఎడమ ఒడ్డున ఉన్న రాతిగోడకు గుద్దించాలి. పన్నెండు మందికీ అదే పటం, అదే పని. ఆడుతూ నచ్చినదీ నచ్చనిదీ పైకి అనమన్నారు.

"ఓడ కాలువలోకి వచ్చింది," అన్నాడు చెవిలో పెద్దాయన. "టగ్‌లు తాళ్లు తగిలించాయి. వాడెవడో ఏమైనా తెలిసిందా?"

గుమాస్తా ఏనుగుల్ని ముందుకు పొమ్మని చెప్పి మిగతా తెరల వైపు ఓరగా చూశాడు. ఒక్కోటీ పరీక్షగా చూశాడు. అందరి రథాలూ దొర్లుతున్నాయి, అందరూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. అటునుంచి డ్రిల్ మాస్టారు మెచ్చుకున్నాడు.

"శభాష్. ఆగమంటే అక్కడే ఆగుతున్నాయి. అడుగు దాటడం లేదు. ఇలా ఉండాలి సైన్యమంటే."

"తిప్పితే తిరుగుతున్నాయి," అన్నాడు బస్సు డ్రైవరు. "నా బస్సూ ఇలా తిరిగితే ఎంత బాగుండు."

గుమాస్తా నుదురు చిట్లించాడు. అతని ఏనుగులు అలా లేవు. ఆగమన్నాక కూడా బారెడు జారి, అప్పుడు ఆగుతున్నాయి. తిరగమంటే రెండు క్షణాలు ఆలోచించి, బరువుగా ఒరుగుతూ తిరుగుతున్నాయి. తన చేతకానితనమే అనుకున్నాడు. మేనకోడలు ఎప్పుడూ అదే అంటుంది. ముందు ఏనుగును ఎడమకు తిప్పాడు.

"ముందు టగ్ ఎడమకు తిరుగుతోంది," అన్నాడు పెద్దాయన.

గుమాస్తా వేలు గాలిలో ఆగిపోయింది. వెనక ఏనుగును ఒక్క పిసరు కుడికి జరిపాడు.

"వెనకది కుడికి జరిగింది. ఎవడయ్యా వాడు, ఇంత నింపాదిగా నడుపుతున్నాడు?"

గుమాస్తా తెర వైపు మళ్లీ చూశాడు. నీళ్లను కోసుకుంటూ పోయే వందల టన్నుల ఇనుము చెప్పిన చోట ఎలా ఆగుతుంది? జారుతుంది. వాళ్లకు వేళ్ల వేగం ఉన్న ఆటగాడు అక్కర్లేదు. వేగంగా నొక్కితే టగ్‌లు అలిగి ఆగిపోతాయి. కావలసింది నిదానస్తుడు. ఆ మాట ఫారంలో తన చేత్తోనే, నిజాయితీగా రాసిచ్చాడు. ఇరవై నిమిషాలుగా బావను చావు వైపు లాక్కెళుతున్నది తనే.

"సార్," అన్నాడు పెదవి కదపకుండా. "వాడు నేనే."

"లేచిరా."

"లేస్తే చివరిగా చెప్పిన మాటే చేస్తాయి. గోడకు గుద్దుతాయి. కరెంటు తీసినా అంతే. బావను ఇంజిన్ వెనక్కి వేయమనండి."

"వేశాడు. హార్బర్ ఆఫీసు ఏం చెప్పినా టగ్‌లు వినడం లేదు. నాలుగు టగ్‌లు లాగుతుంటే అది సరిపోవడం లేదు. ఆ గోడ వెనకే గ్యాస్ ట్యాంకులు. మూడు నిమిషాలే ఉంది. మనవాళ్లు మెట్లు ఎక్కుతున్నారు."

గుమాస్తా ఏనుగుల్ని వెనక్కి పొమ్మన్నాడు. అవి రెండు క్షణాలు ఆలోచించి, ముందుకే జారాయి. ఇంకోసారి చెప్పాడు. అతని వేళ్లు ఇరవై ఏళ్ల తుపాకీ వేళ్లే కానీ, ఈ పనికి మొద్దువేళ్లు. టగ్‌లు అలిగేంత వేగం వాటికి లేదు.

భుజం దగ్గర అత్తరు వాసన వచ్చింది. పక్కటెముకల్లో స్కార్ఫ్ చుట్టిన తుపాకీ గొట్టం ఆనింది.

"వెనక్కి వద్దు," అంది సీతాకోక నెమ్మదిగా. "బాగా ఆడుతున్నారు. రేపు అన్ని పేపర్లలోనూ డిపార్ట్‌మెంట్ ఏజెంటే గ్యాస్ ఓడను పేల్చాడని వస్తుంది. తొమ్మిదో నంబరును మీకోసమే ఉంచాను. మీ ఫారం చదివినప్పుడు నాకు ముచ్చటేసింది."

"రెండేళ్లు మా ఉప్పు తిన్నారు."

"రుచి లేదు."

పక్క కుర్చీలో స్టెనో విసుగ్గా హెడ్‌ఫోన్ సర్దుకుంది. "ఛ, ఏం ఆటండీ ఇది. చేతులకు పనే లేదు. నిద్రొస్తోంది."

గుమాస్తా ఆమె వైపు తిరిగాడు. గొట్టం ఇంకాస్త లోతుగా గుచ్చుకుంది. అయినా పళ్లు బిగించి నవ్వాడు. "అమ్మా, నా ఏనుగులు మొండికేశాయి. ఈవిడేమో ఎవరివల్లా కాదంటోంది. కాస్త నీ చేతివాటం చూపించు తల్లీ. నాలుగింటినీ వెనక్కీ ముందుకీ, ఎంత వేగంగా నొక్కగలవో అంత వేగంగా."

ఎవరివల్లా కాదన్న మాట చెవిన పడితే ఆటగాళ్లు ఊరుకోరు. స్టెనో అతని కీబోర్డు లాక్కుంది. టకటకటకటక. పది వేళ్లా, ఇరవై వేళ్లా తెలియలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వెనక్కి, ముందుకి, ఆగు, పో, ఆగు.

"చేతులు తియ్యండి," అంటూ సీతాకోక వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆడేవాళ్లకు ఓటమికన్నా, దొంగదెబ్బకన్నా అసహ్యమైంది ఒకటుంది. ఆడుతున్నప్పుడు పక్కవాళ్లు చేయి పెట్టడం. స్టెనో తెర మీంచి చూపు తిప్పకుండానే మోచేత్తో వెనక్కి ఒక్కటిచ్చింది. "మధ్యలో చేయి పెట్టొద్దండీ." ముక్కు ఎముక విరిగిన చప్పుడు గుమాస్తాకు మిషను లేని చెవిలో కూడా వినబడింది. నల్లద్దాలు నేల మీద పడ్డాయి. గొట్టం పక్కకు జరగగానే అతను ఆ చేతిని మెలితిప్పాడు. తుపాకీ పేలి పైకప్పు సున్నం రాలింది. తలుపు దగ్గరి కండల మనుషులు ఇటు పరుగెత్తబోయారు. వాళ్ల వెనక తలుపు ఊడిపడి, మెట్లెక్కి వచ్చిన డిపార్ట్‌మెంట్ వాళ్లు మీద పడ్డారు.

తెర మీద మొదటి ఏనుగు అలిగి ఆగిపోయి బూడిద రంగులోకి మారింది. తర్వాత రెండోది, మూడోది. రథం ఇంకా గోడ వైపే జారుతోంది.

"నాలుగోది," అన్నాడు గుమాస్తా. "నాలుగోదమ్మా."

టకటకటక. నాలుగోదీ బూడిదైపోయింది. రథం జారుతూనే ఉంది. గుమాస్తాకు అక్క ముఖం, దాని పక్కన మేనకోడలి ముఖం కనబడ్డాయి. ఢంకా ఆగింది.

"ఓడ ఆగింది," అన్నాడు పెద్దాయన. "తాళ్లు వదులయ్యాక ఇంజిన్ పట్టుకుంది. గోడకు పదకొండు అడుగుల దూరంలో."

స్టెనో హెడ్‌ఫోన్ తీసి చుట్టూ చూసింది. కింద పడి ఉన్న ఆడమనిషిని, తుపాకీని, రాలిన సున్నాన్ని వేలితో చూపించింది. "ఇదంతా ఆటలో భాగమేనాండీ?"

"కాదమ్మా," అన్నాడు గుమాస్తా. ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. డిపార్ట్‌మెంట్ మాన్యువల్‌లో అలాంటిది లేదు.

*

ఆరింటికి హార్బర్ గేటు దగ్గర బావ బయటికొచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. సిగరెట్టు వెలిగించుకోబోతే అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. గుమాస్తా తీసుకుని వెలిగించాడు. బావకు అతను తపాలా శాఖలో పనిచేస్తాడని మాత్రమే తెలుసు.

"ఇవాళ చచ్చి బతికాను బామ్మర్దీ. ఆ టగ్‌లు ఎవడు నడిపాడో కానీ, వాడి చేతులు విరగ. ఏం తెలివిరా వాడిది, దున్నపోతు తెలివి. వాడు కంటపడ్డాడంటే ఇక్కడే ఈ గట్టు మీదే తోలు వలిచేస్తాను. ఎవడై ఉంటాడంటావు?"

గుమాస్తా వినికిడి మిషను సర్దుకున్నాడు. "ఎవడైతేనేం బావా," అన్నాడు. "పద, అక్క ఎదురుచూస్తుంటుంది."

మెయిన్ రోడ్డు దాకా బావ వాడిని తిడుతూనే వచ్చాడు. ప్రభుత్వ రహస్యాల చట్టం నోరు కట్టేసింది కాబట్టి గుమాస్తా అంతా విన్నాడు, మధ్యమధ్య వాడి మీద తనూ రెండు తిట్లు కలిపాడు.