నాలుగున్నరకి తెగిపోయే ఆట

"ఓడిపోతున్నప్పుడల్లా తీగ పీకేయడం మీకు అలవాటా?"

జపాన్‌లో ఒనోమిచి స్టేషన్ పక్కన గేముల కొట్లో, నలుగురూ వింటుండగా నాగిసా అడిగేసింది. యోషికి అనే ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"సారీ అండీ," అని గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు.

కాదని ఒక్క మాట అనకపోవడం ఆమెకి మరీ ఒళ్లు మండించింది. గేమ్ యంత్రానికి మోడెమ్ తగిలించి, ఫోను లైను మీద ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడుకోవడం మొదలై రెండు నెలలు. ఇంటి ఫోనే నాన్న చేపల కొట్టుకీ వాడతారు; కొట్టుకి సెలవు గనక, ఆదివారం నాలుగింటికే నాగిసాకి అది దొరుకుతుంది. ఆ వేళకి సరేనన్నవాడు అతనే. తీరా ఆమె గెలవబోయేసరికి, నాలుగున్నరకల్లా లైను తెగిపోయేది. అయినా ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేది. అదీ అసలు బాధ.

మళ్లీ ఆదివారం వచ్చింది. పౌరుషం పక్కన పెట్టి అతని నంబరు కలిపింది. అటు యంత్రం పలకలేదు, ఎవరో రిసీవరు ఎత్తారు. మోడెమ్ గీమని కూత పెట్టింది. ఆట కలిసేదాకా లైను మీది చప్పుడు టీవీలోంచే వస్తుంది; అందులోంచి ముసలి గొంతు వినిపించింది.

"ఈ కూత నీదేనట కదా తల్లీ. నా మాట నీకు వినిపిస్తుందో లేదో. మా మనవడు వారం నుంచీ సరిగ్గా తినడం లేదు. తప్పు నాది. వృద్ధాశ్రమంలో ఉన్న మా చెల్లెలికి ఆదివారం నాలుగున్నరకే ఫోనిస్తారు. నేను ఎత్తితే మీ ఆట పోతుందని వాడు చెప్పందే నాకేం తెలుస్తుంది? నిన్న గుచ్చి గుచ్చి అడిగితే బయటపడ్డాడు. వేరే వేళ పెట్టుకోరా అంటే, ఆ వేళ కుదరదని చెబితే ఆ అమ్మాయి ఇంకొకళ్లతో ఆడుకుంటుంది బామ్మా అంటాడు, వెర్రివాడు."

నాగిసా కళ్లలో నీళ్లు తిరిగాయి. చప్పున పక్కనున్న ఫోను అందుకుంది.

"బామ్మగారూ, నేను నాగిసాని."

"ఓహో, మాటలు కూడా వచ్చన్నమాట. ఒరే యోషికీ, ఇలా రా."

కాసేపటికి అతని గొంతు. "హలో."

"బామ్మగారి మీద ఈగ వాలనివ్వకుండా, నా చేత అన్ని మాటలు పడ్డారా?"

"మీరన్నదాంట్లో సగం నిజమేగా. ఓడిపోతూనే ఉన్నాను."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నన్ను క్షమించండి. మా ఇంట్లో ఫోను ముట్టుకున్నవాళ్లందరినీ నేను కసిరేదాన్ని. మీలాంటి మనిషి దొరికినందుకు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో తెలియడం లేదు."

"అయితే మళ్లీ ఆడతారా?"

"ఈ మోడెమ్‌తో ఆడను." అటు ఊపిరి బిగబట్టడం ఆమెకి తెలిసింది. "మీ ఇంటికే వస్తున్నా, ఇప్పుడే. ఒకే టీవీ ముందు కూర్చుందాం."

"వాన పడుతోంది. ఎదురొస్తాను. నాగిసా గారూ, నాకు మీరంటే..."

మాట పూర్తి కాకుండానే బామ్మ రిసీవరు లాక్కుంది.

"మిగతాది దారిలో చెప్పుకోండి. నాలుగున్నర కావస్తోంది. మా చెల్లెలికి ఈ కబురు చెప్పాలి."